అయిదుగురి కంటే తక్కువైతే

పలాస ఆసుపత్రి వెనకగదిలో
కూలరు రొద కింద నా ఉద్యోగం:
పేర్లు తియ్యడం.

ముందు ఇంటిపేరు, తర్వాత తండ్రి పేరు,
ఆధారూ, ఫోనూ.
చేపకి పొలుసు గీసినట్టే.
పన్నెండు వేల మూడువందల మంది
చేతుల్లో చిన్న సీసాలతో
పేర్లు లేకుండా వరసగా నిలబడతారు.

మొదటి వారం గర్వపడ్డాను.
అంతా దాచేశాననుకున్నాను.

రెండో వారం ఒక వరస దగ్గర మౌసు ఆగిపోయింది.
స్త్రీ. నలభై నాలుగు.
కవిటి మండలం, నెలిపుట్టుగ.
వృత్తి: బస్సు కండక్టరు.
క్రియాటినిన్ మూడు పాయింట్ ఎనిమిది.

నెలిపుట్టుగలో ఎంతమంది ఆడ కండక్టర్లు?

పొద్దున్న ఏడూ ఇరవైకి సోంపేటలో
నాకు టిక్కెట్టు కొట్టింది,
రెండు రూపాయలు బాకీ అని వెనకాల రాసింది.
పేరు నేను తీసేశాను,
మనిషి మాత్రం బస్సు మెట్టు మీదే ఉంది.

మర్నాడు ఆవిడ చెప్పులు విప్పి
ఇంజను పక్కన కూర్చుంది. పాదాలు పొంగి ఉన్నాయి.
నేను కిటికీ లోంచి జీడితోటలు చూశాను,
ఎప్పుడూ చూడనంత శ్రద్ధగా.
ఒకరి గుట్టు తెలిశాక
చిల్లర అడగడం కూడా కష్టం.

అప్పట్లో ఒక క్యాంపు వాళ్ళు
జబ్బుపేర్ల జాబితా సబ్ సెంటర్ గోడకి అంటించారట.
కొబ్బరి దింపే సిమ్మాద్రిని
ఆ మర్నాటి నుంచీ ఎవరూ చెట్టెక్కమనలేదు.
"పడిపోతే మాకేటి గతి?" అన్నారు.
ఫైనాన్సువాళ్ళు బండి ముందే పట్టుకుపోయారు.
రోగం కన్నా కాగితమే
తొందరగా తినేసింది అతన్ని.

"అయిదుగురి కంటే తక్కువైతే కలిపెయ్" అన్నారు మా సారు.
కలిపాను.
నలభై నాలుగు, నలభై నుంచి నలభై తొమ్మిది అయింది.
కండక్టరు, ఇతరములు అయింది.
నెలిపుట్టుగ, కవిటి మండలంలో కరిగిపోయింది.
ఆవిడ ఇక కనబడదు.
కానీ విశాఖ నుంచి డాక్టరమ్మ ఫోను:
"ఇందులో ఏ నుయ్యో ఎలా తెలుస్తుందమ్మా?
మండలానికి మందిస్తాం గానీ
మండలం నీళ్ళు తాగదు కదా!"

ఆ రాత్రి నిద్ర రాలేదు.
కప్పితే నుయ్యి పోతోంది,
తెరిస్తే మనిషి పోతోంది.

హరిపురం దాటాక ఒకనాడు
నా పక్క సీటు ఖాళీ అయితే వచ్చి కూర్చుంది.
"నువ్వు ఆ కిడ్నీ లెక్కలు రాసే పిల్లవటగా?
నా పేరు ఉందేటి అందులో?"
"పేర్లేవీ లేవండీ" అన్నాను.
అది నిజమే. కాకపోతే
గొంతులో ముల్లు దిగింది.
నా ముఖంలో ఏం చదివిందో.
టిక్కెట్ల మిషను ఒళ్ళో పెట్టుకుని
చాలాసేపు రోడ్డు చూసింది.
"నా పేరు తీసీ, వయసు తీసీ, ఏటి కావాలంటే అది తీసీ.
మా నుయ్యిని మాత్రం తియ్యకు, తల్లీ.
పిల్లలు ఇంకా అదే తాగుతున్నారు."

ఆఫీసుకెళ్ళి అంతా చెరిపి మళ్ళీ మొదలెట్టాను.
ఈసారి ఊళ్ళు తీసేసి నూతులు ఉంచాను.
ఆ నుయ్యి మూడూళ్ళది.
తాగేవాళ్ళు నూట ఎనభై మంది.
అందులో జబ్బుపడ్డవాళ్ళు నలభై ఒక్కరు.
జాతరలో మనిషిలా
ఆవిడ వాళ్ళ మధ్యకి నడిచి వెళ్ళిపోయింది.
వెనక్కి తిరిగి చూడలేదు.
ఏ చేద ఎవరిదో చెప్పే చీటీ మాత్రం
సారు బీరువాలో సగం, డాక్టరమ్మ దగ్గర సగం.

ఇదంతా చదివి
ఏడూ ఇరవై బస్సెక్కి వెతక్కండి.
ఆవిడకి నలభై నాలుగు కాదు.
కండక్టరూ కాదు.
ఆ ఊరికి ఆ పేరే లేదు.
ఇక్కడ కూడా అన్నీ మార్చాను,
అలవాటు.

నుయ్యి మాత్రం ఉంది.
రేపు పొద్దున్న కూడా
ఎవరో చేద వేస్తారు.